యాదమ్మ బండికి అందరూ బోణీ

కరోనా తగ్గిన మరుసటి ఏటి మాట ఇది. మా ఆయన పోయినప్పటి నుంచీ తార్నాకలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్నాను. సంతకం తప్ప రాయడం రాదు నాకు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

ఒకరోజు యాదమ్మ పొట్ట పట్టుకుని వచ్చింది. యూనివర్సిటీ హాస్టళ్ల దగ్గర ఆమెకు ఇడ్లీ బండి ఉంది. పిండి గిన్నెలు ఎత్తీ ఎత్తీ హెర్నియా అయింది. అంటే పొట్ట గోడ బలహీనపడి పేగు బయటికి ఉబుకుతుంది. ఆ పేగు ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరుగారు. తన ఫీజు వదులుకున్నారు. లోపల వేసే మెష్, అదే, సన్నటి వల, మందులు, మత్తు డాక్టరు ఖర్చు ఆమే పెట్టుకోవాలి.

"బండి అమ్మేస్త మణెమ్మక్కా."

"అమ్మి? ఆపరేషనైనంక ఏం తింటవ్? హాస్టల్ పిల్లలను అడుగుదాం."

"పెట్టిన చేతితోని బిచ్చమెత్తాల్నా? సచ్చినా ఎత్త!"

ఏం చేయాలో తోచక డ్యూటీ దిగి పోతుంటే, అప్పుడే బండి పెట్టిన మిర్చీలాయన పిలిచాడు. "బోణీ చెయ్యక్కా!" నేనిచ్చిన నోటు కళ్లకద్దుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. బోణీ బిచ్చం కాదు కదా!

మర్నాడు సెలవు పెట్టి యాదమ్మ బండి నేనే తెరిచాను. యాదమ్మ మా దవాఖానలో ఉందని వచ్చిన పిల్లలకు చెప్పాను. నా ఇడ్లీలు రాళ్లే.

"ఇవి తింటే మేం గూడ మీ దవాఖానకే వస్తం ఆంటీ!" అంది ఒక పిల్ల.

ఆపరేషన్ ఖర్చు సంగతి కూడా చెప్పాను. "యాదమ్మ బిచ్చం ముట్టదు బిడ్డా. బోణీ అయితే తీసుకుంటది. ఇయ్యాల అందరిదీ బోణీనే!"

ఆ పిల్ల ఫోన్లో అందరికీ చెప్పేసింది. ఇక చూడాలి! "బోణీ నాది!" "ఏయ్, జరుగు, నాది!" లైబ్రరీకి పోయే పిల్లలు, పాఠాలు చెప్పే సార్లు, వాచ్‌మెన్‌లు, అందరూ వచ్చారు. రాయిలాంటి ఇడ్లీ తీసుకోవడం, తోచినంత ఇచ్చి చిల్లర అడగకుండా పోవడం!

నోట్లతో నిండిన చట్నీ గిన్నె ఆసుపత్రికి తెచ్చి యాదమ్మ ఒళ్లో పెట్టాను. "బిచ్చం గాదే, నీ గిరాకీ."

"నీకు ఇడ్లీ వండొస్తదా అక్కా?" ఏడుస్తూనే నవ్వి, ఒక నోటు కళ్లకద్దుకుంది. ఆపరేషన్ థియేటర్ దాకా ఆమె స్ట్రెచర్ నేనే తోశాను.

అప్పటి నుంచి ఏ పేషెంటుకు సాయం చేయాలన్నా, వాళ్లు ఏ రకంగా తీసుకోగలరో ముందు చూస్తాను. అది నేర్పింది యాదమ్మే. కోలుకుని బండి తెరిచిన రోజు నాతోనే బోణీ చేయించింది. చిల్లర ఉంచుకోమన్నాను.

"ఆపరేషనైపోయింది గదక్కా," అంటూ నా పిడికిలి విప్పింది. "పట్టు నీ చిల్లర."