ఈ బాట ఏడికి పోతది?

ఆదివారం పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీదికి కార్లనూ బండ్లనూ రానివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్ళదీ సైకిళ్ళదీ. తొక్కడం ఆపి సైకిల్‌ని దాని పాటికి వదిలేస్తే వెనక చక్రం టిక్ టిక్ మంటుంది కదా, ఆ చప్పుడు వెనకనుంచి వినబడితే నేను ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. మొన్న నా సైకిల్ మీద పోతూ అలాగే చూస్తే ఇద్దరు కుర్రాళ్ళు. కొత్త సైకిళ్ళు, కొత్త హెల్మెట్లు. "ఆంటీ, ఇది భీమిలి వెళ్ళే రోడ్డేనా?" అని అడిగారు. "అవును" అనబోయి ఆగిపోయాను. రోడ్డు భీమిలిదే, సందేహం లేదు. వాళ్ళ చక్రాలు మాత్రం హార్బర్ వైపు తిరిగి ఉన్నాయి. నేను అవునని ఉంటే, పాపం, థాంక్స్ చెప్పి నేరుగా హార్బర్‌కి పోయేవాళ్ళు. వెనక్కి తిరగమని చెప్పి పంపించాక సుగుణ మేడం గుర్తొచ్చి రోడ్డు పక్కన ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పెళ్ళికి ముందు నేను ఇల్లందులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సుగుణ మేడం అక్కడే ఆటల టీచరు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, నలుగురిలో ఉంటే ఆమె గొంతే వినబడేది. పచ్చ రంగు వేయించిన మగవాళ్ళ సైకిల్ ఒకటి ఉండేది ఆమెకు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, క్యారియర్‌కి సద్ది డబ్బా ట్యూబుతో బిగించి ఆదివారం వచ్చిందంటే ఊరు దాటేది. నేను వచ్చిన కొత్తలోనే "ఓ లెక్కల పిల్లా, ఆదివారం బట్టలుతుక్కుంట కూసుంటవా, నాతోని వస్తవా?" అని అడిగింది. మా నాన్న సైకిల్ మీద వైరాలో స్కూలుకు పోయిన అలవాటు ఉంది కాబట్టి సరేనన్నాను. తర్వాతి రెండు రోజులు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను.

ఆమెకు దూరం మీద కంటే దారిలో మనుషుల మీద మోజు. ఎక్కడ ఆగితే అక్కడ ఎవరినో ఒకరిని పట్టుకుని తనకు తెలియనిదొకటి అడగాలి, లేకపోతే ఆ రోజు తిన్నది అరగదు. ఒకసారి రెండు రోజుల సెలవు కలిసొస్తే ఎర్రుపాలెం దాకా పోయాం. మిరప కల్లంలో ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. ఘాటుకు నా కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. మేడం మాత్రం చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అక్కా, పొద్దుమాపు ఈన్నే ఉంటరు, మీకు తుమ్ములెట్ల రావు?" అంది. అందులో పెద్దామె గంభీరంగా చూసి, "రావని ఎవలన్నరు? కొత్తోళ్ళు వచ్చిన్రని ఆపుకున్నం" అని ముగించీ ముగించకముందే గట్టిగా తుమ్మింది. ఆ వెంటనే వరసంతా తుమ్ములే. ఆ మధ్యాహ్నం మేడం నవ్వుతూనే సైకిల్ తొక్కింది.

ఆమె నాకు నేర్పిన అసలు సంగతి మాత్రం భద్రాచలం దారిలో జరిగింది. అది ఇప్పపూల కాలం. పెద్ద రోడ్డు మీద లారీల దుమ్ము భరించలేక అడవిలోంచి పోదామని నేనే అన్నాను. బాట రెండుగా చీలిన చోట ఒక తాత గొర్రు భుజాన వేసుకుని వస్తున్నాడు. నేను సైకిల్ దిగకుండానే, ఎడమవైపు చెయ్యి చూపించి, "తాతా, గిది భద్రాచలం పోయే బాటేనా?" అని అడిగాను. ఆయన నన్నూ, ఆ బాటనూ, నెత్తిమీది ఎండనూ చూసి "అవ్ అవ్, పోతది బిడ్డా" అన్నాడు. పోగా పోగా బాట కాలిదారి అయింది. కాలిదారి ఒక వాగు ఒడ్డున నాలుగైదు ఇళ్ళ దగ్గర ఆగిపోయింది. అవతల అడవే.

నాకు ఏడుపొకటే తక్కువ. మేడం అప్పటికే సైకిల్‌కి స్టాండు వేసి, చాపల మీద ఆరబోసిన ఇప్పపూల పక్కన గొంతుక్కూర్చుంది. ఇంటావిడ లోపలివాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పి, మాకు చెరో గిన్నెలో జావ తెచ్చిపెట్టింది. నేను ఉక్రోషం ఆపుకోలేక, తాత మాకు తప్పు దారి చెప్పాడని ఫిర్యాదు చేశాను. ఆవిడకు అందులో ఫిర్యాదు ఏముందో అర్థమైనట్టు లేదు.

"నువ్వు భద్రాచలం బాటేనా అన్నవ్. గింత ఎండల వచ్చినవ్, కాదంటే మనసు నొచ్చదా? అందుకే అవ్ అన్నడు. మా దిక్కు అందరం గట్లనే అంటం. వచ్చినోళ్ళ మాట కొట్టెయ్యం" అంది.

మేడం గిన్నె దించి నా వైపు తిరిగింది. "తాతది ఏం తప్పు లేదు పిల్లా. జవాబు నువ్వే తయారు జేసి, దానికి అవ్ అనుమన్నవ్. ఆయన అన్నడు. ఈ బాట ఏడికి పోతది అని అడుగరాదు? సక్కగ మా ఇంటికి పోతది అనేటోడు." ఇంటావిడ పడీ పడీ నవ్వింది. ఆ తాత నిజంగానే ఆవిడ మామగారట. సాయంత్రం ఆయనే వచ్చి మమ్మల్ని పెద్ద రోడ్డు దాకా సాగనంపాడు. మేడం దారి పొడవునా ఆయనను ఏ చెట్టు దేనికి పనికొస్తుందో అడుగుతూనే ఉంది.

ఆ వానాకాలంలో మేడం గోతులు చూసుకోకుండా తొక్కడం గమనించాను. పక్కనుంచి వచ్చే గేదెలు ఆమెకు కనబడేవి కావు. ఒకరోజు స్కూలు గేటు స్తంభానికే గుద్దుకుని పడింది. ఖమ్మంలో కంటి దవాఖానాకు నేనే తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక, ఆమె నోరు తెరవకముందే నేను, "మందులు వాడితే తగ్గిపోతది కదా డాక్టర్ గారూ?" అన్నాను. ఆయన చీటీ రాస్తూ "ఆఁ, వాడండమ్మా, చూద్దాం" అన్నాడు. నా గుండె బరువు దిగింది.

బయట బెంచీ మీద మేడం చెప్పులు వేసుకుంటూ, "మళ్ళ తాతను అడిగినట్టే అడిగినవ్" అంది. ఆమె లేచి, గోడ తడుముకుంటూ మళ్ళీ లోపలికి పోయింది. వెనకే నేను. "సారూ, నా కండ్లకు ముందట ముందట ఏమైతది?" అని అడిగింది. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, ఈసారి ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. చుట్టూ చూపు పోయిందనీ, అది తిరిగి రాదనీ, మధ్యలో మిగిలింది మందులతో కొన్నాళ్ళు ఆగొచ్చనీ, ఎన్నాళ్ళని తనకూ తెలియదనీ చెప్పాడు. ఒంటరిగా రోడ్డెక్కొద్దన్నాడు. నేను ఏడ్చేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. ఖమ్మం దాటాక, ఒక చెరువు నీళ్ళ మీద ఎండ పడుతుంటే, "నేను సముద్రం చూడలే పిల్లా. జల్దీ పోవాలె" అంది.

బస్సులో పోదామంటే ఒప్పుకోలేదు. మా మంచి కోరేవాళ్ళంతా మా ఇద్దరికీ పిచ్చెక్కిందన్నారు, మా అమ్మ అయితే నాతో మాట మానేసింది. అయినా చలికాలంలో బయలుదేరాం. నేను ఎర్ర చున్నీ వేసుకుని ముందు తొక్కాలి, ఆమె ఆ ఎరుపును పట్టుకుని వెనక రావాలి, ఎండ ఉన్నంతసేపే ప్రయాణం. ఇదీ ఒప్పందం. సత్తుపల్లి, రాజమండ్రి, తుని. రోజంతా నా వీపు వెనక టిక్ టిక్ మని ఆ చప్పుడు. అది ఆగితే నేనూ ఆగిపోయేదాన్ని. తిరిగి చూస్తే టీ కొట్టు దగ్గర ఆగి ఎవరినో ఏదో అడుగుతూ ఉండేది.

విశాఖలో సముద్రం కనబడ్డ చోట నేను కేక పెట్టబోతే "చెప్పకు" అంది. సైకిల్ ఇసుకలో పడేసి మోకాళ్ళ లోతుకు వెళ్ళి నిలబడింది. చూపు ఇరుకు కదా, తల కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఈ కొసనుంచి ఆ కొసకు ముక్క ముక్కగా చూసుకుంది. చాలాసేపు పట్టింది. తర్వాత వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గరికి పోయి, "అన్నా, ఇయ్యాల సముద్రం ఎట్లున్నది?" అంది. ఆయన వల వదిలేసి లేచి నిలబడ్డాడు. "పైకి నిమ్మళంగానే ఉన్నాదమ్మా, లోన లాగేస్తంది" అని మొదలుపెట్టి, గాలి గురించీ చేపల గురించీ ఎంతసేపు చెప్పాడో. నేనైతే "సముద్రం బాగుంది కదా మేడం?" అని అడిగి ఊరుకునేదాన్ని.

నేను ఈ ఊరికే కోడలిగా వచ్చాను. మేడం ఇప్పుడు ఖమ్మంలో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. వెలుగు, చీకటి మాత్రం తెలుస్తాయట. మా పాప స్కూలు నుంచి రాగానే "పరీక్ష బాగా రాశావు కదా?" అని అడగబోయి నాలుక కరుచుకుని, "ఇవాళ బళ్ళో ఏమైంది?" అంటాను. ఒక్కోసారి వినడానికి కష్టంగా ఉండే జవాబే వస్తుంది. వింటాను.

మొన్న ఆ కుర్రాళ్ళు వెళ్ళిపోయిన కాసేపటికి ఫోను మోగింది. ప్రతి ఆదివారం ఆ వేళకే మోగుతుంది.

"పిల్లా, సముద్రం ఎట్లున్నది?"

"బాగుంది మేడం" అన్నాను.

"అదేం జవాబే? సక్కగ చూసి చెప్పు. నాకు నీ కండ్లే కదా."

సైకిల్ స్టాండు వేసి గోడ మీద కూర్చున్నాను. ఈ కొసనుంచి ఆ కొసకు, ముక్క ముక్కగా చూడడం మొదలుపెట్టాను.