టీచరమ్మ రాసిన కార్డు

ఇప్పటికీ పలాసలో బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ గొంతుకి తగులుతుంది. మనవరాలు ముక్కు మూసుకుంటుంది, నేను మాత్రం గుండె నిండా పీల్చుకుంటాను. ఆ వాసనలో మా ఉద్దానం ఊరుంది, ఎండాకాలం జీడిమామిడి పళ్లు కొరికి పరికిణీ నిండా మరకలు చేసుకున్న ఎనిమిదేళ్ల నేనున్నాను, బారువ నుంచి తట్టల్లో ఎండుచేపలొచ్చిన రోజు వాటిని నిప్పుల మీద కాల్చి, ముల్లు తీసి, గంజన్నంతో నా నోట్లో పెట్టే మా అయ్య ఉన్నాడు. అయ్యంటే నాకు ప్రాణం. తాగొస్తే అమ్మని చావగొట్టేవాడు. రెండూ నిజమే.

మా బడి కొబ్బరాకుల పాక, ముందూ వెనకా తెరిచే ఉండేది. టీచరమ్మ సాయంత్రాలు ఊరి ఆడవాళ్లకి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు, పోస్టుకార్డులు రాసిపెట్టేది. పగలు మాత్రం మాకు హడలు. ఎక్కం మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిందే.

ఒక పొద్దున్న లేచేసరికి అమ్మ లేదు. జలంత్రకోట నుంచి మావ వచ్చి, అమ్మనీ చంటి తమ్ముణ్ణీ తీసుకుపోయాడు. నేను అయ్య చెయ్యి పట్టుకుని నిద్రపోతున్నానట, నన్ను లేపితే ఆయనా లేస్తాడని వదిలేశారట. మావని రమ్మన్న కార్డు టీచరమ్మే రాసిందని అయ్యకి తెలిసిపోయింది. మేం బళ్లో పదమూడో ఎక్కం అందుకున్నామో లేదో, కొబ్బరిబొండాలు కొట్టే కత్తితో వచ్చి నిలబడ్డాడు.

"కార్డు ముక్క రాసి నా ఇంటిదాన్ని పంపేసినావేటి?"

టీచరమ్మ అరవలేదు, దగ్గరకీ వెళ్లలేదు. బల్లకి అవతల నిలబడి, ఆయన బయటికి పోయే దారి ఆయనకి వదిలేసి, పిల్లల్ని జోకొట్టే గొంతుతో, "అవును తమ్ముడూ, నేనే రాసినాను. పిల్లలు బెదిరిపోతన్నారు, ఆలని పోనీ. మనం మాటాడుకుందాం" అంది. చేతిని వెనక్కి పెట్టి మాకు జీడితోట వైపు చూపించింది. అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు. నేను కదల్లేదు. నా మొద్దుబుర్రకి ఎక్కం ఆపకూడదన్నదొక్కటే తెలుసు. చివరికి పాకలో నా గొంతొక్కటే మిగిలింది.

అయ్య ఇటు తిరిగాడు. "నువ్వెల్లలేదేటే?"

"ఎక్కం అవనేదయ్యా" అన్నాను ఏడుస్తూనే.

ఆయన నన్ను చూశాడు, చేతిలో కత్తిని చూసుకున్నాడు. కత్తి బయట గట్టు మీద పెట్టి రమ్మని, మంచినీళ్లిస్తానని టీచరమ్మ అదే గొంతుతో చెప్పింది. పెట్టాడు. నీళ్లు తాగి, కూలబడి ఏడ్చాడు. అమ్మని రమ్మని తనకీ ఒక కార్డు రాయమన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాసింది, రావడం రాకపోవడం అమ్మ ఇష్టమని మాత్రం చెప్పింది.

అమ్మ రాలేదు. వారం తిరక్కుండా మావ వచ్చి నన్నూ తీసుకుపోయాడు. నేను మళ్లీ అయ్య దగ్గర ఉండలేదు. ఆ మొదటి కార్డే లేకపోతే నాకు అయ్య ఉండేవాడు కదా అని టీచరమ్మ మీద ఏళ్ల తరబడి కక్ష పెట్టుకున్నాను. పెద్దయ్యాక ఒకసారి టెక్కలి బజార్లో ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిస్తే, వినబడనట్టు తల తిప్పుకుని వెళ్లిపోయాను.

నా మొదటి పురుడికి నాకు తలంటుతూ అమ్మ మామూలుగా అంది: "ఆ కార్డు లేకపోతే నాను బతికుండేదాన్ని కాదే."

ఇప్పుడు ఆ పాక లేదు, తోటా లేదు. అక్కడ గేటూ కాపలా మనిషీ ఉన్న బడి వెలిసింది. టీచరమ్మ ఏమైందంటే చెప్పేవాళ్లు కూడా లేరు. ఆ రోజు టెక్కలిలో ఆవిడ నన్ను పిలిచింది ఒక్కసారి కాదు, రెండుసార్లు.