వరండాలోంచి విన్న పాఠం

మొన్న మా వదిన, అంటే మా మేనమామ కూతురు, ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఏమే, బీఏలో మనకు చెప్పిన ఆ ఇంగ్లీషు నవల గుర్తుందా? ఆ దగ్గుపిల్ల చచ్చిపోయే పాఠం రోజు చానా ఏడ్చాం గదే!" అని. ఏడ్చారమ్మా, ఏడ్చారు. నేను బయట కూర్చుని విన్నానుగా.

మన కాలం వాళ్లకు తెలిసిందే, నరసరావుపేట కాలేజీలో ఇంగ్లీషు పాఠమంటే నూరేళ్ల కిందటి దొరల నవలే. అందులో క్షయ వచ్చిన పిల్లకు బుగ్గలు ఎర్రబడతాయి, తెల్లటి రుమాలు మీద ఒక్క రక్తపు చుక్క పడుతుంది, ఇంటిల్లిపాదీ వచ్చి నుదుట ముద్దు పెట్టుకుంటారు. కళ్లె, కంపు మాత్రం ఎక్కడా ఉండవు. అది చదువుతూ మా మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు.

ఆ ఏడే నాకూ క్షయ వచ్చింది. గురజాల దగ్గర మా ఊళ్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. ఆ పరీక్షలు గట్టెక్కితే మిరపచేలో కూలికి వంగే బతుకు తప్పుతుందని నా ఆశ. డాక్టరు సూదులు వేసి, ఇక ఎవరికీ అంటుకోదు, పరీక్షలు రాసుకోమన్నాడు. ఎవరు నమ్మారు? హాస్టల్లో నా కంచం వేరైంది, చాప వేరైంది. "రాత్రంతా నా పక్కనే దగ్గుద్ది మేడమ్, ఇంటికి పంపించెయ్యండి" అని వార్డెనుకు చెప్పింది మా వదినే. మాస్టారేమో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వరండాలో కూర్చుని వినమన్నారు. ఎంత దయో!

ఆ పిల్ల చావును నేను కిటికీ బయటినుంచి విన్నాను. లోపలంతా వెక్కిళ్లు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గు తెర వచ్చింది, ఓణీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మాస్టారు చదవడం ఆపి కిటికీ మూయమన్నారు. కళ్లనిండా నీళ్లతో లేచి వచ్చి మూసింది వదిన. బెల్లు కొట్టాక ఆడపిల్లలందరూ ఓణీలతో కళ్లొత్తుకుంటూ బయటికొచ్చి, నన్ను చూడగానే అవే ఓణీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు నన్ను గురజాల బస్సెక్కించారు. పరీక్షలు రాయలేదు. సూదులకు జబ్బు తగ్గింది గానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి కాయలు కోస్తూ మిరప ఘాటుకు దగ్గుతూనే ఉన్నాను.

ఇప్పుడు క్షయ అంటే మాత్రలిచ్చి ఇంటికి పంపుతున్నారు, కంచాలు వేరు చేసేవాళ్లూ తగ్గారంటున్నారు, మంచిదే. వదిన మెసేజ్ మళ్లీ పెట్టుకుని విన్నాను. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తదంట. కిటికీ మూసిన సంగతి మాత్రం నిజంగానే గుర్తులేదు ఆవిడకు. నేనూ చచ్చిపోయి ఉంటే నాకోసమూ ఏడ్చేదేమో. బతికున్నాను, ఏం చేసేది?