ముందే ఇచ్చేసిన దీవెన

మండపేట దగ్గర ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళు పాస్టరుగా చేసి రిటైరయ్యాను. నేనూ మా ఆవిడా కొవ్వూరు వచ్చి చిన్న అద్దె ఇంట్లో చేరాం. నా స్థానంలోకి వచ్చిన కుర్రాడికి నిండా ముప్పై ఏళ్ళు లేవు. మూడేళ్ళపాటు నేను ఆ చర్చి వైపు వెళ్ళలేదు. పిలవలేదు కనుక వెళ్ళలేదు. అడిగినవాళ్ళకి మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పేవాణ్ణి.

నాలుగో ఏట ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. “అయ్యగారండీ, నెలకో ఆదివారం మీరొచ్చి వాక్యం చెప్పాలండి. సంఘమంతా అడుగుతున్నారండి.”

సంఘం అడుగుతోందనగానే మోకాళ్ళ నొప్పులు ఆ పూటే తగ్గిపోయాయి. ఇస్త్రీ చేయించిన తెల్ల లాల్చీ వేసుకుని, ఆదివారం తెల్లవారకముందే మా ఆవిడని తొందరపెట్టి బస్సెక్కించాను.

వెళ్ళిన మొదటి ఆదివారమే కడుపు మండింది. హార్మోనియం ఉండే చోట కీబోర్డు పెట్టాడు. వాయించేది కూడా తనే. పాట పాటకీ చప్పట్లు. నా రోజుల్లో వెనక గోడకి ఆనుకుని కునుకు తీసిన రైసుమిల్లు పనివాళ్ళు ఇప్పుడు ముందు చాపల మీద కూర్చున్నారు. అన్నిటికంటే మించి, నా చేతుల మీద బాప్తిస్మం తీసుకున్న ముసలమ్మ ఒకావిడ నా దగ్గరకొచ్చి, “మా చిన్నయ్యగారు ప్రార్థన చేశారంటే జొరం ఇట్టే దిగిపోద్దండి” అంది.

“మరి నేను చేసినప్పుడు?” అని అడక్కుండా ఉండలేకపోయాను.

“అప్పుడూ దిగేదండి. మాత్ర కూడా ఏసుకునేదాన్ని.”

తిరుగు బస్సులో రాజమండ్రి వంతెన దాటేదాకా తిట్టాను. అది ఆరాధనా, రికార్డింగ్ డ్యాన్సా అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి గోదావరి చూస్తూ, “జనం బాగానే ఉన్నారు, ఆ పిల్లాడూ బాగానే ఉన్నాడు. మీరెందుకండీ కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం?” అంది. ఆవిడకి నా సంగతి తెలుసు. అయినా మరుసటి నెల మళ్ళీ వెళ్ళాను, ఆ పై నెలా వెళ్ళాను.

నాలుగో నెల ఆరాధనకి ముందు ఆ కుర్రాడు మడత పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. “ఈవేళ ఆరాధన క్రమం కొంచెం మారిందండి. ఓసారి చూసుకోండి.”

నేను నడిపిన చర్చిలో నాకే క్రమం నేర్పుతాడా అనుకున్నాను. మడత విప్పకుండానే ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టేశాను.

ఆ రోజు ప్రసంగం బాగా కుదిరింది. మాత్రల ముసలమ్మ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెన్ అన్నాక నా చేతులు రెండూ పైకి లేచాయి, ముగింపు దీవెన ఇచ్చేశాను. అలవాటుకొద్దీ చేతులు లేచాయని తర్వాత అందరికీ చెప్పాను. అది సగమే నిజం. కీబోర్డు దగ్గర ఆ కుర్రాడు లేచి నిలబడటం నేను చూశాను. మైకు అతనికి వదలబుద్ధి కాలేదు.

దీవెన అయ్యాక ఆ ఊళ్ళో ఎవరూ చర్చిలో కూర్చోరు. పాస్టరు నడిచి వెళ్ళి గుమ్మంలో నిలబడితే, ఒక్కొక్కరే వచ్చి చేయి కలిపి, చెప్పులు వేసుకుని ఇళ్ళకి పోతారు. ఆ పద్ధతి నేర్పింది నేనే. గుమ్మం దగ్గరికి నడిచాను. సంఘమంతా నా వెనకే వచ్చింది. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చేతి తర్వాత చేయి కలుపుతుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

చివరగా మా ఆవిడ వచ్చింది. చేయి ఇవ్వలేదు. “ఓసారి లోపలికి చూడండి” అంది.

ఖాళీ చాపల అవతల, బల్ల దగ్గర, ఆ కుర్రాడు నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య, ఆమె చేతుల్లో తెల్ల గౌను వేసిన ఆరు నెలల పాప. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. నేను బైబిల్లోంచి కాగితం తీశాను. “ప్రసంగం తర్వాత మా పాప బాప్తిస్మం. ఇచ్చువారు: పెద్దయ్యగారు. తర్వాత ముగింపు దీవెన: పెద్దయ్యగారు” అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

“నన్ను ఆపకపోయావా బాబూ?” అన్నాను.

“మీరు దీవెన ఇస్తుంటే మధ్యలో ఎలా ఆపుతానండి?” అని, తనే వెళ్ళి గంట కొట్టాడు. సగం మందే తిరిగి వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే మిల్లుకో ఇంటికో వెళ్ళిపోయారు.

పాపని ఎత్తుకుని, తొందరలో నీళ్ళు ఎక్కువ పోశాను. నీళ్ళు చెవిలోకి పోయి పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ కుర్రాడు నా మోచేయి పట్టుకుని, మైకులో, “మా పాపకి ఈవేళ రెండు దీవెనలండి. ఒకటి అయ్యగారు ముందే ఇచ్చేశారు” అన్నాడు. జనం నవ్వారు. నా తప్పు ఆ నవ్వులో పోయింది.

ముసలమ్మ నా దగ్గరకి జరిగి, “మా చిన్నయ్యగారి ఓర్పు చూశారాండీ?” అంది.

చూశాను. ఇరవై రెండేళ్ళలో నాకు రాని ఓర్పు అది. అతని బిడ్డని చేతుల్లో పెట్టుకుని కూడా దానికి కుళ్ళుకున్నాను.