విమానాశ్రయంలో తిప్పమ్మ చెప్పిన పేరు

ఈ రోజు ఉదయం అక్కతో, ఆమె మూడేళ్ల కూతురు తిప్పమ్మతో విమానంలో ఢిల్లీ వచ్చాను. బావ ఇక్కడ సైన్యంలో ఉన్నాడు.

అక్క మొదటి కూతురు హర్షిణి రెండేళ్లకే జ్వరంతో పోయింది. రెండోది పుట్టగానే హిందూపురంలో మా అవ్వ దాన్ని పెంటతిప్ప మీద దొర్లించి, ఇదైనా చావు కంట పడకూడదని తిప్పమ్మ అని పేరు పెట్టించింది. ఆధార్‌లోనూ అదే పేరు. హర్షిణి పేరు ఇంట్లో ఎవరమూ ఎత్తము.

బయల్దేరేటప్పుడు విమానాశ్రయం గేటు దగ్గర ఉద్యోగి పాప కార్డు చూసి ఆగాడు. మా వైపు మనిషే కాబోలు.

“టికెట్లో ఒక పేరు, కార్డులో ఒక పేరు ఉండాదే? ఏది నిజమమ్మా?”

అక్క కార్డు వైపు చూసింది. ఇంటి నుంచి బయల్దేరే తొందరలో బీరువాలోంచి పోయిన పెద్దదాని కార్డు తెచ్చింది. ఆయన వంగి పాపనే అడిగాడు.

“నీ పేరేంది పాపా?”

“హర్షిణి.”

“పిలుపు పేరుతో టికెట్ తీస్తే ఎట్లమ్మా? సరే, పోండి” అని నవ్వాడు.

ఆయన ఆ పేరు పైకి చదవలేదు. నేను వెంటనే అవ్వకు ఫోన్ చేసి, పాపకు ఆ పేరు నువ్వు చెప్పావా అని అడిగాను.

“నేనెందుకు చెప్తానే? ఆ పేరు తలుచుకుంటేనే నాకు వణుకు పుడ్తాది.”

కార్డు మీది ఫొటో పాపది కాదని ఆయన పట్టలేదంటే, పిల్లల ఆధార్ ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయని నవ్వి ఊరుకుందామనుకున్నాను. కానీ సాయంత్రం నుంచి తిప్పీ అని పిలిస్తే అది తల తిప్పి చూడటం లేదు. అన్నానికీ రావడం లేదు. గేటు దగ్గర అది చెప్పిన పేరుతో పిలవడానికి అక్క ఒప్పుకోవడం లేదు.

మీరైతే ఏమని పిలుస్తారు?