పత్తిచేను ప్రోగ్రాములో ‘రోజులు’

ఎనభయ్యో దశకం చివర, ఒక అక్టోబరు నెలలో నన్ను హైదరాబాదు నుంచి ఆదోనికి మూడు వారాల డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను సీనియర్ ప్రోగ్రామర్‌ని. రైతు చెప్పే లక్షణాలను బట్టి పత్తికి మందు కొట్టాలో వద్దో చెప్పే ప్రోగ్రామును లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో రాశాం. దాన్ని అక్కడి వ్యవసాయ కార్యాలయంలో రైతుల ముందే పరీక్షించాలి. నాతో వచ్చిన సులోచన ఉద్యోగంలో చేరి ఆరు నెలలే. పురుగుల భాగం ఆమే రాసింది.

రెండో రోజు పెద్దకడుబూరు నుంచి ఉసేనప్ప అనే రైతు పుచ్చిన పత్తికాయలు తువ్వాల్లో కట్టుకొచ్చాడు. పైరు వయసు తొంభై రోజులు. ప్రోగ్రాము మాత్రం “మొలక దశ, మందు అక్కర్లేదు” అని చీటీ అచ్చువేసింది. వ్యవసాయాధికారి ఒక కాయ చీల్చి చూసి, వెంటనే మందు కొట్టమన్నారు.

లిస్ప్ ప్రోగ్రాము చిన్న చిన్న ఫంక్షన్ల కూర్పు. ఒకటి మరొకదాన్ని పిలిచి పని చేయించుకుంటుంది. ఆ పిలుపులను వరసగా చూపే ‘ట్రేస్’ పెట్టి చూశాం. పైరు ఫంక్షను పురుగు ఫంక్షనును పిలిచింది. కాయతొలుచు పురుగు అన్న సరైన జవాబే తిరిగొచ్చింది. పిలుపుల్లో ఎక్కడా తప్పు కనబడలేదు.

ఉసేనప్ప బస్సుకు ఇంకా టైముంది. మళ్లీ మొదటి నుంచి అడుగుతానని కూర్చోబెట్టాను. తెర మీద ఉన్నది ఉన్నట్టే “రోజులు?” అని చదివాను. తొంభై అన్నాడు. కాసేపటికి మళ్లీ “రోజులు?” అన్నాను.

“యా దినాలు సార్? ఇత్తనం ఏసినప్పట్నుంచా, పురుగు పడినప్పట్నుంచా? రెంటికీ ఒగటే మాటంటాండావే!” అన్నాడతను.

సులోచన చప్పున లేచింది. “సార్, లోపల కూడా రెండింటికీ అదే పేరు పెట్టాను.”

తప్పు అక్కడే ఉంది. మేము వాడిన లిస్ప్‌లో, ఒక ఫంక్షను తన సొంతమని ప్రకటించుకోని పేరుకు విలువ ఇస్తే, అది తనను పిలిచిన ఫంక్షనులోని అదే పేరు మీద పడుతుంది. పురుగు పడి నాలుగు రోజులని రైతు చెప్పగానే, తొంభై రోజుల పైరు నాలుగు రోజుల మొలక అయిపోయింది. ఆ పేరు పురుగు ఫంక్షనుకే సొంతమని ఒక్క వరస చేర్చాం. చీటీ సరిగ్గా వచ్చింది.

ఉసేనప్పను పంపించాక సులోచన నిన్నటి రిజిస్టరు తీసింది. ముగ్గురు రైతులు అదే తప్పు చీటీ పట్టుకెళ్లారు. అధికారిని జీపు అడిగి ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. చివరగా మాధవరంలో లక్ష్మమ్మ ఇంటికి చేరేసరికి, మందు అక్కర్లేదన్నారు కదా అని ఆమె అడిగి తెచ్చుకున్న స్ప్రేయరు వాపసు ఇచ్చేసింది.

తప్పు తనదేనని సులోచన చెప్పింది. నేను అడ్డుపడబోయాను; ఆమె రాసింది చూసి పాస్ చేసింది నేనే. లక్ష్మమ్మ ఇద్దరినీ చూసి, “తెలీకపోతే తెలీదని సెప్పల్ల గదప్పా. అంత గట్టిగా వద్దని యెట్ల సెప్పింది మీ మిషను?” అంది. స్ప్రేయరు మళ్లీ తెచ్చి ఆమెకిచ్చి వచ్చాం. ముగ్గురి చేలూ దక్కాయి.

మర్నాటి నుంచి చీటీ మీద సలహాతోపాటు, పైరు ఎన్ని రోజులదనుకుని, ఏ లెక్క మీద ఆ సలహా ఇచ్చిందో కూడా అచ్చు వేయించాం. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ప్రోగ్రాములో తప్పు దొరికిందని ఎవరు వచ్చి చెప్పినా నేను మొదట అడిగింది ఒకటే: దాని జవాబు ఇప్పటికే ఎవరి చేతికి వెళ్లింది?