సిక్ మార్కు పడిన స్కూటర్

అప్పలస్వామి ముప్పైనాలుగేళ్లు బిలాస్‌పూర్ యార్డులో వ్యాగన్లు పరీక్షించాడు. చక్రాన్ని సుత్తితో కొట్టి, చెవి ఒగ్గి, శబ్దం సరిగా లేకపోతే సుద్దముక్కతో వ్యాగన్ మీద ‘సిక్’ అని రాసేవాడు. రాశాడంటే బాగయ్యేదాకా ఆ బండి కదలడానికి లేదు. ఆఫీసర్లు వచ్చి చెరపమన్నా చెరపలేదు. ప్రమోషన్లు ఆలస్యంగా వచ్చింది అందుకేనని భార్య అచ్చియమ్మ నమ్మకం.

రిటైరయ్యాక అదే ఊళ్లో తిఫ్రా వైపున్న షోరూములో స్కూటర్ కొన్నాడు. రెండో ఏడు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కోడలు రాజశ్రీ చదివి చెప్పింది.

“మామయ్యా, ముందు చక్రం ఇరుసులో గడ్‌బడ్ ఉందంట. కొన్ని బళ్లలో విరిగిపోవచ్చంట. ముఫ్త్‌లో, పైసా తీసుకోకుండా మారుస్తారంట.”

అప్పలస్వామి లేచి వెళ్లి స్కూటర్ మడ్‌గార్డు మీద ‘సిక్’ అని రాశాడు.

మర్నాడు పొద్దున్నే దాన్ని తోసుకుంటూ బయల్దేరాడు. షోరూముకి ఆరు కిలోమీటర్లు.

“నిన్నటిదాకా నన్నెక్కించుకుని తిరిగినారు కదా, ఇయాల ఏటయిపోయింది?” అంది అచ్చియమ్మ.

“నిన్న తెల్దు. ఇయాల తెలుసు.”

దారిలో ముగ్గురు ఆగి పెట్రోలు కావాలా అని అడిగారు. ఒకాయనకైతే మూత తీసి, ట్యాంకు నిండుగా ఉందని చూపించాల్సి వచ్చింది.

“పార్టు ఇంకా రాలేదు అంకుల్‌జీ,” అన్నాడు షోరూము మేనేజరు హిందీలో. “అప్పటిదాకా నడుపుకోండి. ఏమీ కాదు.”

“ఆ మాట కాగితం మీద రాసివ్వండి.”

మేనేజరు టీ తెప్పించాడు. కాగితం తెప్పించలేదు.

అప్పలస్వామి బండి అక్కడే వదిలేశాడు. వెళ్లే ముందు ఇరుసు చివర ఆకురాయితో చిన్న గీత గీశాడు. తర్వాత ప్రతి సోమవారం వెళ్లి అడిగి వచ్చేవాడు. నాలుగో సోమవారం బండి తయారుగా ఉంది. ఇరుసు మార్చినట్టు కాగితం కూడా ఉంది. వంగి చూశాడు. ఆకురాయి గీత అలాగే ఉంది.

మెకానిక్ గిరిబాబుది కూడా రైల్వే కాలనీ తెలుగు కుటుంబమే. పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

“బాబాయ్, లిస్టులో నూట ఎనభై బళ్లున్నాయి. ఇరుసులు వచ్చింది నలభై. మీది బాగానే ఉంది, నాను సూసినాను.”

“కంటితోనా?”

“కంటితోనే.”

“అచ్ఛా. కిరసనాయిలుందా?”

ఇరుసు విప్పించి కిరసనాయిల్లో నానబెట్టాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్ద మెత్తగా పూసి, స్టూలు మీద కూర్చున్నాడు. పగులు ఉంటే లోపలికి దిగిన నూనె పైకి ఉబుకుతుంది. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లటి గీత తేలింది. అది ఇరుసుకి సగం చుట్టూ తిరిగింది.

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. గీత అక్కడే ఉంది.

అప్పలస్వామి యార్డులో అలాంటి గీతలు వందలు చూశాడు. వాటి మీద అచ్చియమ్మ కూర్చుని బజారుకి వెళ్లలేదు.

గిరిబాబు లోపల్నుంచి కొత్త ఇరుసు తెచ్చి బిగించాడు. మేనేజరు పగులు ఫొటో కంపెనీకి పంపించి, ఆ పూటే లిస్టు ముందేసుకుని బళ్లవాళ్లకి ఫోన్లు మొదలుపెట్టాడు. మిగతా ఇరుసులు వచ్చేదాకా బళ్లను పరీక్షించి పెట్టమని అప్పలస్వామిని అడిగాడు.

“డ్యూటీ ఎన్నింటికి?” అన్నాడు అప్పలస్వామి.

మూడు వారాల్లో పదకొండు పగుళ్లు బయటపడ్డాయి. సదర్ బజారు బట్టల వ్యాపారి ఒకడు తన బండిలో పగులు తేలినా టైము లేదని, అదే బండి మీద వెళ్లిపోతానని గొడవపడ్డాడు. అప్పలస్వామి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వ్యాపారి నాలుగు రోజులు అతన్ని తిట్టుకుంటూ ఆటోల్లో తిరిగాడు. ఐదో రోజు కొత్త ఇరుసు వేయించుకుని వెళ్తూ కూడా తిట్టాడు.

అప్పలస్వామి లిస్టులో ఆ నంబరు కొట్టేసి, తర్వాతి పేరు పిలిచాడు.